టీవీ యాంటెన్నా ఎక్కడ బిగించాలి? కిటికీ, బాల్కనీ, మెట్ల గది పైన: మూడింటిలో ఏది?

వెన్నెలవాకిలి · సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇంటికి యాంటెన్నా పెట్టాలని రెండు వారాలుగా ఆలోచిస్తున్నాను. గోడకు బెజ్జాలు కొట్టాక చోటు మార్చాలంటే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ముందే తెలిసినవాళ్ళను అడుగుదామని రాస్తున్నాను.

మాది రెండు అంతస్తుల ఇల్లు, పైన చదునుగా డాబా, డాబా మీద మెట్ల గది. టవర్ మా ఇంటికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రసారాలన్నీ ఆ ఒక్క టవర్ నుంచే. అయితే సరిగ్గా అదే దిక్కులో, మాకు 80 మీటర్ల దూరంలో ఒక ఏడంతస్తుల భవనం ఉంది. అదే నా టెన్షన్.

నేననుకున్న చోట్లు మూడు. కింద హాల్లో టీవీ పక్కన కిటికీ. పై అంతస్తు బాల్కనీ. మెట్ల గది పైన. ప్రస్తుతానికి యాంటెన్నాను కిటికీ దగ్గర స్టూలు మీద పెట్టాను. పగలు కొన్ని ఛానళ్ళు బాగానే వస్తాయి. సాయంత్రం ఏడు దాటాక అమ్మ చూసే వార్తల ఛానల్ గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది, మాట తెగిపోతుంది, తర్వాత తెర నల్లగా అయిపోతుంది. ఆవిడకి రోజంతటిలో కావలసింది ఆ ఒక్క గంటే. ఆ గంట సరిగ్గా రావాలన్నదే నా తాపత్రయం.

రెండు టీవీలు ఉన్నాయి, కింద ఒకటి, పైన ఒకటి. డాబాకు కుడివైపున కరెంటు తీగలు వెళుతున్నాయి. సలహా చెప్పండి.

నిచ్చెన · సోమవారం, రాత్రి 9:05

మెట్ల గది పైనే పెట్టండి. యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. కిటికీ, బాల్కనీ మర్చిపోండి.

పాతరేడియో · సోమవారం, రాత్రి 9:50

నిచ్చెన గారి మాట చాలా ఇళ్ళకు సరిపోతుంది. కానీ ఎదురుగా ఏడంతస్తుల భవనం ఉన్నప్పుడు ఎత్తు ఒక్కటే చూసి బిగించేయకండి. ముందు కొన్ని సంగతులు చూసి చెప్పండి.

మీ ప్రసారాలు ఏ బ్యాండులో వస్తున్నాయి? టీవీలో ట్యూనింగ్ పేజీ తెరిస్తే ఫ్రీక్వెన్సీ కనిపిస్తుంది. 470 మెగాహెర్ట్జ్ పైన ఉంటే యూహెచ్ఎఫ్. 174 నుంచి 230 మధ్య ఉంటే వీహెచ్ఎఫ్. రెండూ ఉంటే యాంటెన్నా కూడా రెంటికీ పనికొచ్చేది కావాలి. పేరు చూసి నమ్మకండి, యాంటెన్నాకు అడ్డంగా ఉండే లోహపు పుల్లలు కొలవండి. అన్నిటికన్నా పొడుగు పుల్ల ఆ చివర నుంచి ఈ చివరకు 70, 75 సెంటీమీటర్లు ఉంటే వీహెచ్ఎఫ్ అందుతుంది. అన్నీ పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల లోపే ఉంటే అది యూహెచ్ఎఫ్‌కి మాత్రమే.

రెండోది, చుట్టుపక్కల ఇళ్ళ యాంటెన్నాల పుల్లలు నేలకు సమాంతరంగా ఉన్నాయా, నిలువుగా ఉన్నాయా? టవర్ అలల్ని ఎలా పంపుతుందో పుల్లలూ అలాగే ఉండాలి. అడ్డంగా వచ్చేదాన్ని నిలువు పుల్లలతో పట్టబోతే సిగ్నల్ మామూలుగా వంద వంతుల్లో ఒక వంతు దాకా పడిపోతుంది.

మూడోది, అదే పేజీలో ‘స్ట్రెంత్’, ‘క్వాలిటీ’ అని రెండు గీతలు ఉంటాయి. రెండూ రాసి పెట్టండి, ఛానల్ వారీగా, పగలు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీకు సాయంత్రమే పోవడం నాకు వింతగా ఉంది. టవర్ పగలూ రాత్రీ ఒకే శక్తితో పంపుతుంది. కాబట్టి సాయంత్రం మారుతున్నది మీ ఇంట్లోనో, పక్కనో ఏదో ఉండాలి.

వెన్నెలవాకిలి · మంగళవారం, రాత్రి 8:15

చూశాను. మొత్తం ఐదు ఫ్రీక్వెన్సీలు. నాలుగు యూహెచ్ఎఫ్, ఒకటి వీహెచ్ఎఫ్. అమ్మ వార్తల ఛానల్ ఆ వీహెచ్ఎఫ్‌లోనే ఉంది! పొడుగు పుల్ల 72 సెంటీమీటర్లు. పక్కిళ్ళ యాంటెన్నాల పుల్లలన్నీ పడుకోబెట్టినట్టే ఉన్నాయి.

కిటికీ దగ్గర మధ్యాహ్నం వార్తల ఛానల్ స్ట్రెంత్ 58, క్వాలిటీ 65. ఇప్పుడు స్ట్రెంత్ 60, క్వాలిటీ 10కీ 0కీ మధ్య ఊగుతోంది. యూహెచ్ఎఫ్‌లో రెండు వస్తున్నాయి, రెండు అసలు రావడం లేదు. వాటికి మాత్రం పగలూ రాత్రీ తేడా లేదు.

అలల లెక్క · మంగళవారం, రాత్రి 10:20

మీ అంకెలు చూస్తే ఇక్కడ రెండు వేరువేరు జబ్బులు ఉన్నట్టున్నాయి. సాయంత్రం వార్తలు పోవడం ఒకటి, యూహెచ్ఎఫ్‌లో రెండు అసలు రాకపోవడం ఇంకొకటి. మొదటిదానిలో స్ట్రెంత్ తగ్గలేదు, క్వాలిటీ మాత్రమే కూలింది. అంటే మీకు కావలసిన అల తగ్గలేదు, దాని మీద చెత్త వచ్చి పడుతోంది. సాయంత్రం ఇంట్లో వెలిగించేవేమిటో ఒక్కొక్కటి ఆపుతూ చూడండి. చవకరకం ఎల్ఈడీ దీపాల అడాప్టర్లు, ఛార్జర్లు విడిచే గోల వీహెచ్ఎఫ్ మీద ఎక్కువగా పడుతుంది, యూహెచ్ఎఫ్ మీద తక్కువ.

ఇక చోటు సంగతి. ఎత్తు ఎందుకు మంచిదో ఒకసారి లెక్క వేసుకుందాం. టవర్ ఎత్తుకి వర్గమూలం, మన యాంటెన్నా ఎత్తుకి వర్గమూలం కూడి 4.12తో గుణిస్తే అల ఎన్ని కిలోమీటర్లు అడ్డం లేకుండా వస్తుందో సుమారుగా తెలుస్తుంది. ఎత్తులు మీటర్లలో. టవర్ 150 మీటర్లనుకుంటే, మీ యాంటెన్నా 9 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 63 కిలోమీటర్లు, 4 మీటర్ల ఎత్తునే ఉన్నా 59 వరకు వస్తుంది. మీ దూరం 35. అంటే మధ్యలో నేల చదునుగా ఉంటే భూమి వంపు మీకు సమస్యే కాదు. మీ ఇంటికి దగ్గరగా ఉన్న అడ్డాలే సమస్య.

ఆ అడ్డాన్ని కొలవడానికి ఇంకో లెక్క ఉంది. అల దారం లాంటి సన్నని గీతలో రాదు, దాని చుట్టూ కొంత జాగా కావాలి. 600 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు అర మీటరు. 80 మీటర్ల దూరంలోని భవనం దగ్గర ఆ జాగా గీతకు ప్రతి వైపూ ఆరు మీటర్ల పైచిలుకు, అందులో అరవై శాతం ఖాళీగా ఉంటే చాలు. అంటే టవర్ వైపు చూపు భవనం అంచుకు కనీసం నాలుగు మీటర్లు పక్కగా పోవాలి. అంచును ఒరుసుకుంటూ పోతే సిగ్నల్ నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే 6 డెసిబెల్స్ నష్టం. భవనం వెనక్కి పూర్తిగా దాక్కుంటే నష్టం 20 డెసిబెల్స్ దాటవచ్చు, అంటే వందో వంతు కూడా మిగలదు.

మెట్ల గది మీద ఎంత ఎత్తు పెట్టినా ఏడంతస్తుల కన్నా పైకి పోలేరు కదా. అందుకే పైకి కన్నా పక్కకి జరగడం మీకు లాభం. డాబా మీద నిలబడి నాలుగు మూలల నుంచీ టవర్ దిక్కు చూడండి. భవనం పక్కనుంచి ఆకాశం కనిపించే మూల ఏదైనా ఉందా?

నిచ్చెన · బుధవారం, ఉదయం 7:10

ఈ లెక్క నాకు కొత్త. ఎత్తే అంతా అనుకునేవాణ్ణి. ఒక సందేహం, ఇంత శ్రమ లేకుండా ఉన్నచోటే ఒక బూస్టర్ పెడితే సరిపోదా?

పాతరేడియో · బుధవారం, ఉదయం 9:30

సరిపోదండీ. చాలామంది నష్టపోయేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

బూస్టర్ లోపలికి వచ్చిందాన్నంతా పెంచుతుంది. మంచి అలనీ పెంచుతుంది, చెత్తనీ పెంచుతుంది. రెంటికీ మధ్య ఉన్న తేడాను మాత్రం పెంచలేదు. టీవీకి కావలసింది ఆ తేడానే. పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, ఇంకా తగ్గితే మసకబారేది, అయినా మనిషి ఎవరో పోల్చుకునేవాళ్ళం. డిజిటల్‌లో అలా మెల్లగా దిగజారడం ఉండదు. ఒక గీత పైన ఉన్నంతసేపు అద్దంలా ఉంటుంది, గీత కిందికి జారగానే ఒక్కసారిగా పోతుంది. కాబట్టి ‘బాగానే వస్తోంది’ అనుకున్న చోట మీరు గీతకు ఎంత పైన ఉన్నారో బొమ్మ చూస్తే తెలియదు, క్వాలిటీ అంకె చూస్తేనే తెలుస్తుంది.

బూస్టర్ పనికొచ్చేది ఒక్కచోట. యాంటెన్నా దగ్గర సిగ్నల్ శుభ్రంగా ఉండి, అక్కడి నుంచి టీవీ దాకా పొడుగు కేబుల్‌లోనూ, సిగ్నల్‌ని రెండు టీవీలకు పంచే స్ప్లిట్టర్‌లోనూ పోయే నష్టాన్ని పూడ్చడానికి. అందుకే దాన్ని యాంటెన్నా పక్కనే, కేబుల్ మొదట్లో పెట్టాలి. టీవీ వెనక పెడితే అప్పటికే పోయింది పోయినట్టే. టవర్‌కి బాగా దగ్గరున్నవాళ్ళు పెడితే ఉన్నదీ చెడుతుంది, టీవీ ట్యూనర్ మోయలేనంత సిగ్నల్ లోపలికి పోతుంది. పైగా ఒకప్పుడు టీవీకి ఉన్న పై ఫ్రీక్వెన్సీలు చాలాచోట్ల మొబైల్ సర్వీసులకు ఇచ్చేశారు. పాత బూస్టర్లు వాటిని కూడా పెంచి లోపలికి పంపుతాయి. దగ్గర్లో సెల్ టవర్ ఉంటే మొబైల్ సిగ్నల్‌ని ఆపే ఫిల్టర్ పెట్టుకోవాలి.

ముందు చోటు, తర్వాత కేబుల్, ఆఖరున బూస్టర్.

చుక్కలవాన · బుధవారం, మధ్యాహ్నం 1:45

ఇంట్లోపలే పెట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం నా అనుభవం. మాది ఏటవాలు కప్పు ఇల్లు. కప్పు కింద అటకలో పెడితే ఎండా వానా తగలవు, పైకి ఎక్కే పనీ ఉండదు అని అక్కడ బిగించాను. మొదటి ఇంట్లో అది చక్కగా పనిచేసింది, అక్కడ మామూలు పెంకులు. తర్వాత మారిన ఇంట్లో అదే యాంటెన్నా, అదే దూరం, ఒక్క ఛానల్ రాలేదు. ఎందుకో తెలియక నెల రోజులు కేబుళ్ళు మార్చాను. చివరికి అటకలో పైకి టార్చి వేసి చూస్తే కప్పు లోపలి వైపంతా వేడి ఆపడానికి మెరిసే రేకు కాగితం అతికించి ఉంది. లోహం ఎంత పల్చగా ఉన్నా రేడియో అలకు అది గోడే.

ఇనుప రేకుల కప్పయినా అంతే. వేడి రాకుండా పూత పూసిన కిటికీ అద్దాల్లో కూడా కంటికి కనిపించని లోహపు పొర ఉంటుంది. వెన్నెలవాకిలి గారూ, మీ కిటికీ అద్దం అలాంటిదేమో చూడండి. తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి క్వాలిటీ చూస్తే తెలిసిపోతుంది. ఇనుప కడ్డీలతో పోసిన కాంక్రీటు గోడ కూడా చాలా తినేస్తుంది.

తీగమేస్త్రి · బుధవారం, రాత్రి 9:00

నేను ఈ పని చేతులతో చేసేవాణ్ణి, లెక్కలు పెద్దలు చెప్పారు. బిగించే ముందు పరీక్ష ఎలా చేయాలో నేను చెబుతాను.

చిన్న టీవీ ఉంటే దాన్నే డాబా మీదికి తీసుకెళ్ళండి. లేకపోతే పొడుగు కేబుల్ ఒకటి తాత్కాలికంగా కిందికి వదిలి, టీవీ ముందు ఇంకొకరిని కూర్చోబెట్టి ఫోన్లో అంకెలు చదివించుకోండి. యాంటెన్నాను రెండు మీటర్ల చెక్క కర్రకు కట్టి చేత్తో పట్టుకుని తిరగండి. ప్రతి చోటా అరనిమిషం ఆగండి, క్వాలిటీ అంకె కుదురుకోవడానికి టైమ్ పడుతుంది. ఐదు ఫ్రీక్వెన్సీలూ చూడండి. అన్నిటికన్నా బలహీనమైన ఛానల్ ఎక్కడ బాగుందో అదే మీ చోటు. బలమైన ఛానల్‌ని చూసి మోసపోకండి, అది ఎక్కడైనా వస్తుంది.

దిక్కుకి దిక్సూచిని ఒక్కదాన్నే నమ్మొద్దు. డాబాలోని ఇనుము ముల్లును పక్కకి లాగుతుంది. మ్యాపులో మీ ఇంటి నుంచి టవర్‌కి గీత గీసి, ఆ గీత మీద దూరంగా కనిపించే ఏదైనా గుర్తు పెట్టుకుని అటు తిప్పండి. యాంటెన్నాలో పొట్టి పుల్లలున్న కొస టవర్ వైపు ఉండాలి. తిరగేసి బిగించినవి ఎన్నో చూశాను.

కరెంటు తీగల విషయం గట్టిగా చెబుతున్నా. డాబా కుడివైపు ఎంత మంచి సిగ్నల్ వచ్చినా అక్కడ పెట్టొద్దు. గొట్టం, దాని మీద యాంటెన్నా కలిపి ఎంత పొడవుంటుందో కొలవండి. అది ఏ వైపు కూలినా తీగను తాకకూడదు, ఆపైన ఇంకో మూడు మీటర్లయినా ఎడం ఉండాలి. పరీక్ష చేసేటప్పుడు కూడా అటు వైపు వెళ్ళకండి. మబ్బు పట్టినా, గాలి వీస్తున్నా ఆ రోజు పని మానేయండి. ఒంటరిగా ఎక్కొద్దు.

దూరతీరం · గురువారం, సాయంత్రం 6:30

మాది కొండ కింద ఊరు. టవర్ కొండకు అవతల. మా చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ నేరుగా సిగ్నల్ అందదు. ఎదురు కొండ రాతి చరియ మీద పడి వెనక్కి తిరిగి వచ్చే సిగ్నల్‌ని పట్టుకుంటున్నాం. అంటే మా యాంటెన్నాలన్నీ టవర్‌కి వీపు పెట్టి ఉంటాయి! కొత్తగా వచ్చినవాళ్ళు చూసి తప్పుగా బిగించారనుకుంటారు. అందుకే చెబుతున్నా, పరీక్ష చేసేటప్పుడు టవర్ దిక్కు ఒక్కటే కాదు, ఒకసారి చుట్టూ మెల్లగా తిప్పి చూడండి.

చెట్లను కూడా గమనించండి. ఆకులు రాలినప్పుడు బిగించిన యాంటెన్నా చిగుళ్ళు వచ్చాక మొరాయించవచ్చు. తడిసిన ఆకులైతే యూహెచ్ఎఫ్‌ని ఇంకా ఎక్కువ తింటాయి. గాలికి కొమ్మలు ఊగితే క్వాలిటీ ఊగుతుంది.

వెన్నెలవాకిలి · ఆదివారం, మధ్యాహ్నం 3:20

నిన్నా ఇవాళా పరీక్షలతోనే సరిపోయింది. తమ్ముడు టీవీ ముందు కూర్చుని అంకెలు చదివాడు. అన్నీ రాసుకున్నాను. మీరంతా ఇంత ఓపిగ్గా చెప్పారు కాబట్టి ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

మొదట సాయంత్రం జబ్బు. శుక్రవారం ఏడున్నరకి వార్తల ఛానల్ పెట్టి హాల్లో ఒక్కొక్క స్విచ్ ఆపుతూ వచ్చాను. ట్యూబులైటు ఆపాను, తేడా లేదు. ఫ్యాను, రౌటరు, ఫోన్ ఛార్జరు, తేడా లేదు. టీవీ వెనక గోడకు అలంకారం కోసం అతికించిన ఎల్ఈడీ దీపాల పట్టీ ఉంది. దాని ప్లగ్ పీకగానే క్వాలిటీ 5 నుంచి 66కి ఎగిరింది! మళ్ళీ పెడితే మళ్ళీ పడింది. నాలుగుసార్లు చేసి చూశాను. అమ్మ రోజూ ఏడింటికి దాన్ని వెలిగించి వార్తలకు కూర్చుంటుంది. యాంటెన్నా ఉన్న స్టూలుకి ఆ అడాప్టర్ మీటరు దూరంలోనే ఉంది. అమ్మకి చూపిస్తే నమ్మలేకపోయింది.

తర్వాత చోట్లు. అన్నిటికన్నా బలహీనమైన యూహెచ్ఎఫ్ ఛానల్ క్వాలిటీ రాస్తున్నాను.

కిటికీ, తలుపు మూసి: 0. తెరిచి: 12. మా అద్దానికి ఏ పూతా లేనట్టుంది, పెద్ద తేడా లేదు.

బాల్కనీ: 20. పక్కింటివాళ్ళ దగ్గర పాత బూస్టర్ తెచ్చి పెట్టి చూశాను. స్ట్రెంత్ 95కి పోయింది, క్వాలిటీ 20 దగ్గరే నిలిచింది. పాతరేడియో గారు చెప్పింది కళ్ళతో చూశాను.

మెట్ల గది పైన: స్ట్రెంత్ 62, క్వాలిటీ 45. బొమ్మ వస్తోంది కానీ మధ్యమధ్యలో తెగుతోంది.

డాబా ఎడమ వెనక మూల: స్ట్రెంత్ 74, క్వాలిటీ 90!

ఆ మూల మెట్ల గది పైకప్పు కన్నా రెండున్నర మీటర్లు కింద ఉంది. కానీ అక్కడ నిలబడితే భవనం పక్కనుంచి టవర్ దిక్కున ఆకాశం కనిపిస్తోంది. కరెంటు తీగలకు అది అన్నిటికన్నా దూరమైన మూల కూడా. వార్తల ఛానల్ అక్కడ 92.

ఒక్కటి అర్థం కాలేదు. అదే మూలలో కర్రను కొంచెం దించితే ఒక ఛానల్ 60కి పడింది, నలభై సెంటీమీటర్లు ఎత్తితే బాగైంది, ఇంకా ఎత్తితే మళ్ళీ తగ్గింది. ఎందుకు?

అలల లెక్క · ఆదివారం, సాయంత్రం 5:00

చాలా సంతోషం. ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరు.

మీ కర్ర సంగతి ఇది. టవర్ నుంచి నేరుగా వచ్చే అలతో పాటు డాబా నేల మీద, పిట్టగోడ మీద, చుట్టుపక్కల గోడల మీద పడి తిరిగి వచ్చే అలలు కూడా ఉంటాయి. రెండూ ఒకే ఊపులో కలిస్తే బలం పెరుగుతుంది, ఎదురెదురు ఊపులో కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అల పొడవు అర మీటరు కాబట్టి కొద్ది జానల దూరంలోనే మంచి చోటూ చెడ్డ చోటూ పక్కపక్కన ఉంటాయి. ఛానల్ మారితే అల పొడవు మారుతుంది, ఆ చోట్లూ మారతాయి. అందుకే ఒక ఛానల్‌కి బాగున్న ఎత్తు ఇంకోదానికి బాగుండదు. ఐదింటికీ ఓ మోస్తరుగా సరిపడే ఎత్తు ఎంచుకోండి, ఏ ఒక్కదానికో గరిష్ఠం కోసం వెతకొద్దు.

వార్తల ఛానల్‌కి ఈ బాధ అంతగా లేకపోవడానికి కూడా అదే కారణం. 200 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు మీటరున్నర. పొడుగు అల అడ్డాల అంచుల మీదుగా వంగి లోపలికి కూడా ఎక్కువగా వస్తుంది. భవనం నీడలో కూడా మీకు వార్తలు అంతో ఇంతో రావడం అందుకే.

పాతరేడియో · ఆదివారం, సాయంత్రం 6:15

తీగమేస్త్రి గారు పొట్టి పుల్లల కొస అన్నారు కదా, దాని వెనక చక్కటి చరిత్ర ఉంది. ఒక పుల్లకి మాత్రమే వైరు తగిలించి, ముందు పొట్టి పుల్లలు, వెనక పొడుగు పుల్ల ఊరికే నిలబెడితే అల ఒక దిక్కుకే కేంద్రీకరిస్తుందని జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి 1926లో ప్రకటించారు. ఆ అమరికనే యాగి-ఉదా యాంటెన్నా అంటారు. చోటు ఎంపికలో దీని అవసరం ఏమిటంటే, ఒక దిక్కునుంచే వినే యాంటెన్నా పక్కల నుంచి వచ్చే ప్రతిఫలనాల్ని వదిలేస్తుంది. భవనాల మధ్య ఇళ్ళవాళ్ళకు అది గొప్ప ఉపకారం. టవర్లు రెండు మూడు దిక్కుల్లో ఉన్నవాళ్ళకు మాత్రం అదే ఇబ్బంది అవుతుంది.

తీగమేస్త్రి · ఆదివారం, రాత్రి 8:30

చోటు దొరికింది కాబట్టి ఇక బిగింపు. గొట్టాన్ని పిట్టగోడకు రెండు చోట్ల క్లాంపులతో పట్టించండి. రెండు క్లాంపుల మధ్య ఎడం ఎంత ఎక్కువ ఉంటే గాలికి అంత బాగా తట్టుకుంటుంది. ఒక్క క్లాంపు మీద నిలబెడితే మొదటి పెద్ద గాలికే యాంటెన్నా పక్కకి తిరిగిపోతుంది.

కేబుల్ ఆర్‌జీ-6 రకం తీసుకోండి. యూహెచ్ఎఫ్‌లో వంద మీటర్లకు 15, 16 డెసిబెల్స్ పోతుంది. మీకు ముప్ఫై మీటర్లయితే దాదాపు 5. రెండు టీవీలకు పంచే స్ప్లిట్టర్ ఇంకో మూడున్నర తీసుకుంటుంది. మీ మూలలో 90 ఉంది కాబట్టి బూస్టర్ లేకుండానే లాగుతుందని నా అంచనా. ముందు బూస్టర్ లేకుండా చూడండి.

కేబుల్ గోడలోకి పోయే ముందు కొంచెం కిందికి వంపు వదలండి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లేకపోతే కేబుల్ వెంట నడుచుకుంటూ ఇంట్లోకి వస్తుంది. బయటి కనెక్టర్‌కి రబ్బరు తొడుగు వేసి, నీరు చొరని టేపు చుట్టండి. గొట్టాన్నీ కేబుల్ పైతొడుగునీ ఇంటి ఎర్తింగ్‌కి కలపాలి, ఇది ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఎర్తింగ్ ఉందని ఉరుములప్పుడు ధైర్యం చేయకండి, నేరుగా పడే పిడుగును అది ఆపలేదు. ఉరుములు వినిపించకముందే కేబుల్ పీకేయండి.

కొత్తకప్పు · సోమవారం, ఉదయం 10:00

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా డాబా మీద ఇప్పటికే డిష్ ఉంది. అదే గొట్టానికి యాంటెన్నా కూడా బిగించవచ్చా?

తీగమేస్త్రి · సోమవారం, మధ్యాహ్నం 12:40

బిగించవచ్చు, కానీ డిష్ గొట్టం సాధారణంగా పొట్టిగా ఉంటుంది. యాంటెన్నా డిష్‌కి పైన, మీటరు ఎడంగా ఉండేలా చూడండి. గొట్టం కొంచెం కదిలినా డిష్‌లో సిగ్నల్ పోతుంది కాబట్టి బరువు మోయగలదో లేదో చూసుకోండి. రెంటికీ కావలసిన చోటు కూడా వేరు. డిష్‌కి భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం వైపు ఖాళీ ఆకాశం చాలు, గోడ మొదట్లో నేల మీద పెట్టినా పనిచేస్తుంది. యాంటెన్నా చూసేది దిగంతం వైపు. నా మాట వింటే వేరే గొట్టం వేసుకోండి.

నిచ్చెన · సోమవారం, రాత్రి 9:20

వెన్నెలవాకిలి గారి అంకెలు చూశాక నేనూ మా పాత యాంటెన్నా క్వాలిటీ చూశాను. 55 ఉంది. పైకెక్కి కనెక్టర్ విప్పితే లోపల నీరు, రాగి తీగ పచ్చగా అయింది. కేబుల్ కొస రెండడుగులు కోసి కొత్త కనెక్టర్ వేస్తే 81. ఇన్నాళ్ళూ వానాకాలంలో టవర్ వాళ్ళే సరిగ్గా పంపడం లేదనుకున్నాను. ధన్యవాదాలు.

వెన్నెలవాకిలి · మూడు వారాల తర్వాత, శనివారం ఉదయం 8:00

యాంటెన్నా ఎడమ వెనక మూలలో బిగించాం. రెండు మీటర్ల గొట్టం, పిట్టగోడకు రెండు క్లాంపులు, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ వచ్చి చేశారు. బూస్టర్ పెట్టలేదు. స్ప్లిట్టర్ తర్వాత కింద టీవీలో బలహీనమైన ఛానల్ క్వాలిటీ 82, పైన 84. వార్తలు 90.

బిగించాక రెండుసార్లు జోరుగా వాన పడింది. మొదటిసారి క్వాలిటీ కదల్లేదు. రెండోసారి గాలి కూడా ఎక్కువ వీచింది, తెల్లారి చూస్తే రెండు ఛానళ్ళు 70కి దిగాయి. పైకెళ్ళి చూస్తే యాంటెన్నా గొట్టం మీద కొద్దిగా పక్కకి తిరిగింది. పై బోల్టు వదులుగా ఉంది, తప్పు మా బిగింపులోనే. సరిచేసి, ఈసారి గొట్టం మీద, క్లాంపు మీద, యాంటెన్నా పట్టీ మీద కలిసేలా ఎర్ర పెయింటుతో ఒక నిలువు గీత గీశాను. ఇకపై తిరిగిందో లేదో కింద నుంచి చూసినా తెలుస్తుంది, సరిచేయడానికి మళ్ళీ టీవీ ముందు మనిషిని కూర్చోబెట్టక్కర్లేదు.

ఎల్ఈడీ పట్టీ అడాప్టర్ మార్చాం. అమ్మ ఏడింటికి దాన్ని వెలిగించుకునే వార్తలు చూస్తోంది.